మొదటి నీళ్లు

ఇప్పుడు హోటళ్లలో చేరే పిల్లలు మెడలో బిళ్ల వేసుకుని, హౌస్‌కీపింగ్ అని గొప్పగా చెప్పుకుంటున్నారు. చెప్పుకోవాల్సిందే. నన్ను మాత్రం తిరుచానూరులో అందరూ దుప్పట్లామె అనేవాళ్లు. అమ్మవారి గుడికి నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జి. అందులో దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఉతికించడం, ఆరబెట్టించడం, చిరిగితే కుట్టించడం నా ఉద్యోగం. మా ఆయన పొద్దున ఏ రంగు చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడో అడిగితే తడుముకునేదాన్ని గానీ, లాడ్జిలో ఏ దుప్పటికి ఏ మూల అతుకు ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

మా తమ్ముడి కూతురు ఈ మధ్య బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో చేరింది. మొన్న ఫోనులో ఒక ఫొటో పంపింది. తెల్ల తువ్వాలు మీద గోధుమరంగు చుక్కలు. "అత్తా, ఇది ఏం చేసినా పోలేదు. ఎట్ల?" అని అడిగింది. బ్లీచింగ్ మాత్రం వేయొద్దని వెంటనే బదులు పెట్టాను. వేసేశామని దాని జవాబు. అది చదివి నవ్వుకున్నాను. ఫోనులో ఇంతంత టైపు చేసే ఓపిక నాకు లేదు కాబట్టి, ఆ పిల్లకూ ఆ పనిలో ఉన్న మిగతా పిల్లలకూ ఇక్కడ రాస్తున్నాను. మరక సంగతి కొంచెమే. మనుషుల సంగతే ఎక్కువ.

మా మేనేజరు చంద్రగిరి వైపు మనిషి. ఆఫీసు వెనక గదిలోనే కాపురం. చెడ్డవాడు కాదు. కోపం ముందు వచ్చేది, ఆలోచన తర్వాత వచ్చేది. ఆ రెండింటి మధ్య ఎవరు దొరికితే వాళ్లకు చీవాట్లు పడేవి. భక్తి మాత్రం నిజమైనది. కౌంటరు వెనక అలమరలో మూరెడు పాలరాతి లక్ష్మీదేవి ఉండేది. తెల్లవారకముందే స్నానం చేసి, తడిబట్టతో వచ్చి, రాత్రంతా ఎవరూ ముట్టని నీళ్లు ఇత్తడి చెంబుతో పట్టి, చిటికెడు పసుపు వేసి, అమ్మవారికి అభిషేకం చేసేవాడు. ఆయన చెంబు నిండేదాకా కొళాయి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

ఆ కొళాయి మా ఉతుకుల షెడ్డులోది. లాడ్జి మీద కొత్త అంతస్తు లేచాక షెడ్డుకు నీళ్లు సరిగ్గా రావడం లేదని, గోడ వెంబడి ఎప్పటినుంచో వాడకుండా పడి ఉన్న పాత ఇనుప పైపును ట్యాంకుకు కలిపి, దానికి ఈ కొళాయి బిగించారు. నీళ్లు ధారగా వచ్చాయి. అందరం సంతోషించాం.

షెడ్డులో ఉతికే ఆమె పలమనేరు దగ్గర పల్లె నుంచి వచ్చింది. నాకంటే పెద్దది. నేను అక్కా అనేదాన్ని, లాడ్జి అంతా ఉతుకులక్క అనేది. దుప్పట్లకు మిషను ఉంది గానీ, దర్శనానికి పోయే యాత్రికులు ఇచ్చే తెల్ల పంచెలు, ఉత్తరీయాలు మాత్రం ఆమె చేత్తోనే ఉతికేది. అవి దేవుడి ముందుకు పోయే బట్టలు కాబట్టి, అమ్మవారి చెంబు తర్వాత వచ్చే నీళ్లు వాటికే పట్టాలని మేనేజరు పెట్టిన నియమం. ఆమె ఆ నియమాన్ని ఆయనకంటే గట్టిగా పట్టుకుంది. తలకు పోసుకోకుండా ఆ పంచెలు ముట్టేది కాదు. ఆదివారం చర్చికి పోయే మనిషి, మిగతా రోజుల్లో మా అందరికంటే మడిగా ఉండేది. ఒకసారి ఎందుకక్కా ఇంత అని అడిగితే, "ఎవురి దేవుడైతే ఏమిమ్మా, శుద్ధం శుద్ధమే గదా" అంది.

ఇంత మడిగా ఉతికిన పంచెల మీదే మరకలు పడడం మొదలైంది. ఉతికినప్పుడు ఏమీ ఉండదు. తీగ మీద ఆరేకొద్దీ గోధుమరంగు చుక్కలు, అక్కడక్కడ చారలు పైకి వస్తాయి. పక్కనే ఆరే దుప్పట్లు మాత్రం మల్లెపువ్వులే. ఒక యాత్రికుడు ఉత్తరీయాన్ని కౌంటరు మీద పరిచి, "ఇది కట్టుకుని స్వామి ఎదుటికి ఎట్ల పోయేదబ్బా?" అని అడిగాడు. మేనేజరు నన్ను పిలిచాడు. బ్లీచింగ్ ఎక్కువ వేయమని నాకు చెప్పాడు. వేయించాను. మరక ఇంకొంచెం ముదిరింది. మళ్లీ వేయమన్నాడు. చివరికి గుడ్డ చిరుగుతోంది గానీ మరక కదలడం లేదు.

ఈ గొడవలోనే ఇంకో సంగతి బయటపడింది. ఆదివారం ఉతికిన పంచెలకు మరక లేదు. ఆదివారం ఉతుకులక్క చర్చికి పోతుంది కదా, ఆ రోజు మోటారు చూసే మనిషి ఉతికేవాడు. ఎండ మొహం మీద పడితే తప్ప అతనికి మెలకువ రాదు. గదులు తుడిచేవాళ్లంతా బకెట్లు నింపుకుని పోయాక, ఆవలిస్తూ వచ్చి, నాలుగు గుంజులు గుంజి తీగ మీద పడేసేవాడు. ఆ పంచెలు తళతళలాడేవి.

ఇక చెప్పేదేముంది. ఆమె ఉతికితే మరక, అతను ఉతికితే లేదు. ఆమె చెయ్యి మంచిది కాదన్నారు కొందరు. ఇంకా కొందరు కడుపులో ఇంకో మాట పెట్టుకున్నారు. చర్చికి పోయే మనిషికి మడిబట్టలు ఇస్తే ఇట్లాగే అవుతుందని. పైకి ఎవరూ అనలేదు. ఆమె అటుగా వస్తే మాటలు ఆపడం మాత్రం నేను చూశాను, ఆమె కూడా చూసింది. నాకు ఒళ్లు మండేది. మరక ఎందుకు పడుతుందో తెలియకుండా ఒళ్లు మండి ఏం లాభం? ఇంకోసారి ఇట్లా జరిగితే వేరే మనిషిని చూసుకుంటానని మేనేజరు తెగేసి చెప్పాడు.

అదే సమయంలో మా లాడ్జిలో ఇంకో వింత కూడా జరుగుతోంది. పాలరాతి అమ్మవారు రోజురోజుకూ బంగారు రంగుకు తిరుగుతోంది. ముందు పాదాలు, తర్వాత కుచ్చిళ్లు, ఆ తర్వాత చేతులు. తెల్లటి రాయి లేత పసుపు దేరి, దీపం వెలుతురులో నిజంగానే మెరిసేది. తన అభిషేకాలు ఫలించాయని, అమ్మవారికి కళ వచ్చిందని మేనేజరు వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. గదులు దొరకని యాత్రికులు కూడా ఆగి దణ్ణం పెట్టుకుని పోయేవాళ్లు. నేనూ పెట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే మా లాడ్జి హాల్లో ఒక పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి తండ్రి నగరి నుంచి వచ్చిన నేతగాడు. పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రానికే వచ్చేసి, చంకలో ఒక పొట్లంతో నన్ను వెతుక్కుంటూ షెడ్డు దగ్గరికి వచ్చాడు. విప్పితే తెల్లటి నూలు పంచె, చీర. రెంటికీ సన్నటి ఎర్రంచు. తాళి కట్టే వేళ పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కట్టుకునే మధుపర్కాలు.

"మగ్గం ఎత్తేసి మరమగ్గాల షెడ్డులో కూలికి పోతాండానమ్మా. ఈ జత కోసరమని అటక మీద ఉండే పాత మగ్గాన్ని మళ్లా దించి బిగించుకున్న్యాను. రేయి పగలు నేసినా ఇప్పటికైంది. గంజి విడిపించేదానికి ఇంటికాడ టైము లేకపోయ. రవ్వంత నీళ్లలో నానేసి జాడిచ్చి ఇస్తారా? ముహూర్తం ఎల్లుండి పొద్దున" అన్నాడు.

మగ్గం మీది నుంచి దించిన గుడ్డ గంజితో అట్టలా నిలబడుతుంది. ఒకసారి నీళ్లు చూస్తే గానీ ఒంటికి అంటుకోదు. నేను తడిమి చూశాను. అంత సమంగా నేసిన నూలు ఈ మధ్య చూడలేదు. ఉతుకులక్కను పిలిచి చేతిలో పెట్టాను. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని, రెండు చేతులతో అందుకుంది.

"రేపు మొదటి నీళ్లు వీటికేనమ్మా. పంచెలు గూడా తర్వాతనే" అంది ఆయనతో. అంతకంటే మర్యాద ఆమె దగ్గర లేదు.

మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి షెడ్డు ముందు గుంపు. తీగ మీద ఆరుతున్న పెళ్లిచీర మీద, అంచు పక్కనే, బొట్లు బొట్లుగా మరకలు. పంచె మీద ఒక పొడుగాటి చార. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదేనేమో. నేతగాడు చీర కొంగు పట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు అరుస్తున్నాడు. చేతిలో బ్లీచింగ్ మగ్గు.

"పొయ్యి! ఇంకా సూస్తావేందే? నీ పని ఇదీ అని తేలిపోయింది గదా!"

ఉతుకులక్క చీర కింది చెంగు మూల ఒకటి మగ్గులో ముంచింది. నేను పరుగున పోయి లాక్కునేలోపే అక్కడి చుక్క ఎర్రబడింది. ఆ మూల తప్ప మిగతా గుడ్డ నా చేతికి దక్కింది.

"సార్, ఇన్నాళ్లు బ్లీచింగ్ వేసి ఏం సాధించినాము? ఈ చీర నాకు వదిలిపెట్టండి" అన్నాను.

"నీకే వదిలినాను. ఆమెను మాత్రం వదల్లేను. రేపు పెండ్లి అయిపోతానే లెక్క సూసుకుని పొమ్మను" అని ఆఫీసులోకి వెళ్లిపోయాడు. కోపం వచ్చేసింది, ఆలోచన ఇంకా రాలేదు.

నేతగాడు అప్పుడు నోరు తెరిచాడు. "రగతం మాదిరి ఉండాదమ్మా. మొగపెండ్లివాళ్లు సూస్తే నోటితో ఏమీ అనరు. మనసులో పెట్టుకుంటారు. నా బిడ్డ బతుకంతా ఎప్పుడు ఏమైనా గానీ, ఆ పొద్దు ఆ చీర మీద మరక ఉన్నింది గదా అంటారు."

ఆయన అన్నదే నా భయం కూడా. కొళాయి తిప్పి చూశాను. నీళ్లు తేటగా, అద్దంలా ఉన్నాయి. ఏ బకెట్లో పట్టినా అంతే. అయినా ఆ కొళాయి మీద నాకు నమ్మకం కుదరలేదు. తాగేనీళ్ల క్యాన్లు తెప్పించాను. గుడి దారిలో దండలు అమ్మే ఆమె దగ్గర నిమ్మకాయలు, వంటింట్లోంచి మెత్తటి ఉప్పు తెచ్చాను. మా అమ్మ పాత ఇనుప పెట్టెలో దాచిన చీరలకు అంటిన మరకలు అట్లాగే తీసేది. ఇది తుప్పు మరకలాగే ఉందని నాకు అప్పుడే అనుమానం. ఈ గుడ్డను ఇనుము ఎక్కడ తాకిందో మాత్రం అర్థం కాలేదు.

ముందు చీర మడత లోపల, ఎర్రంచు మీద ఒక్క చుక్క నిమ్మరసం వేసి చూశాను. రంగు దిగలేదు. అప్పుడు మరక మీద ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దబోతే నేతగాడు నా చెయ్యి పట్టి ఆపాడు.

"రుద్దొద్దమ్మా. పోగు పక్కకు జరుగుతాది. మరక పోయినా జాడ ఉంటాది."

ఆయనే ఒక చివర పట్టుకుని, నా చేత ఇంకో చివర పట్టించి, మగ్గం మీద ఉన్నట్టే చీరను బిగువుగా నిలబెట్టాడు. వేలి కొసతో అద్ది, ఎండలో పెట్టి, ఆరకుండా మళ్లీ రసం చిలకరిస్తూ కూర్చున్నాం. ఎండ గట్టిగా కాస్తోంది. అంచు పక్కన ఉన్న బొట్లు ఒక్కొక్కటే పలచబడి, లేత పసుపై, చివరికి నూలు రంగులో కలిసిపోయాయి. క్యాన్ల నీళ్లతో మళ్లీ మళ్లీ జాడించాను. ఈ పని చేసే పిల్లలు ఇది మరిచిపోవద్దు. పులుపు గుడ్డలో మిగిలితే అది పోగును తినేస్తుంది.

ఉతుకులక్క దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. వచ్చి పట్టుకో అక్కా అన్నాను. రాలేదు.

"నా చెయ్యి పడితే మళ్లా ఏమైతాదో, నేను రానమ్మా" అంది. ఏడవలేదు. తన రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉంది. ఉద్యోగం పోతుందని ఆమె భయపడుతోందనుకున్నాను. అది కాదు. ఇన్నేళ్లు బట్టలు తెల్లగా చేసిన చేతుల్ని ఆమె నమ్మడం మానేసింది. అది చూస్తే నాకు దుఃఖం వచ్చింది. ఆ రోజు నాకు నిజంగా దుఃఖం వచ్చింది అప్పుడే.

మరకలన్నీ పోయాయి, బ్లీచింగ్‌లో మునిగిన మూల తప్ప. అక్కడి చుక్క వేలిగోరంత, మొండిగా నిలబడింది. ఎన్ని నిమ్మకాయలు పిండినా కదల్లేదు. తుప్పు మీద బ్లీచింగ్ పడితే అది ఆ గుడ్డ ఇంటి మనిషైపోతుంది. మీరు ఎంత చదువుకున్నా, ఎంత పెద్ద హోటల్లో చేసినా, ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

బట్టలు మడిచి నేతగాడి చేతికిచ్చాక ఆమె పక్కన కూర్చున్నాను. "అక్కా, పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేసినావో ఒక్కటి కూడా విడవకుండా చెప్పు" అన్నాను.

ఆమె చెప్పింది. చీకట్లోనే తలకు పోసుకుంది. మేనేజరు చెంబు పట్టుకుని పోయేదాకా నిలబడింది. ఆ వెంటనే నీలం డ్రమ్ము కింద పెట్టి నింపింది. పెళ్లిబట్టలు అందులో నానేసింది. షెడ్డులో వెలిగేది మసక పసుపు వెలుతురిచ్చే ఒక్క పచ్చబల్బు.

"ఎవురూ ముట్టని నీళ్లమ్మా. రేయంతా పైపులో అట్లే నిలబడుకున్న నీళ్లు. వాటికన్నా శుద్ధమైనవి యాడుండాయి?"

రాత్రంతా పైపులో. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పాత ఇనుప పైపులో రాత్రంతా నిలబడిన నీళ్లు, నీలం డ్రమ్ములో, పచ్చబల్బు కింద. వాటి రంగు ఎవరికి కనబడుతుంది? నేను డ్యూటీకి వచ్చేసరికి గదులు తుడిచేవాళ్లు బకెట్ల మీద బకెట్లు పట్టి ఆ పైపును కడిగేసి ఉంటారు. నేను ఎప్పుడు చూసినా తేటనీళ్లే. దుప్పట్ల మిషను తిరిగేదీ ఆ తర్వాతే. ఆదివారం మోటారు మనిషి నిద్ర లేచేసరికి అతనికీ తేటనీళ్లే. ఇన్నాళ్లూ ఆమెను పట్టించింది ఆమె శ్రద్ధ, అతన్ని కాపాడింది అతని బద్ధకం.

ఆ మాట పోయి మేనేజరుకు చెప్పాను. "ఊరికే ఆమెను వెనకేసుకొస్తాండావు. ఆ కొళాయి నీళ్లే నేను అమ్మవారికి పోస్తాండేది. నాకు తెలీదా?" అన్నాడు. నిజమే, ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఇత్తడి చెంబులో చిటికెడు పసుపు వేశాక ఏ నీళ్లైనా ఒకటే. కొళాయిని అప్పుడు తిప్పి చూపించి లాభం లేదు. తెల్లారేదాకా ఆగాల్సిందే.

మర్నాడు ఇంకా వెలుతురు రాకముందే ఇంటి నుంచి ఊరగాయ వేసుకునే తెల్ల పింగాణీ గిన్నె, ఒక టార్చి పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఉతుకులక్క అప్పటికే తలకు పోసుకుని నిలబడి ఉంది, ఆఖరి రోజైనా నియమం తప్పకుండా. నేతగాడికి నిద్ర పట్టలేదేమో, అతనూ వచ్చాడు. మేనేజరు తడిబట్టతో చెంబు పట్టుకుని వచ్చేసరికి కొళాయి కింద నా గిన్నె ఉంది.

"ఏంది ఇది? అమ్మవారి చెంబు కన్నా ముందరనా?" అన్నాడు.

"ఒక్క గిన్నెడు, సార్. పాపం వస్తే నాకే రానీండి" అని తిప్పాను.

గిన్నె నిండింది. టార్చి వేశాను. పాలు తక్కువైన టీ రంగు. అడుగున సన్నటి ఎర్రటి నలక తిరుగుతూ దిగుతోంది. నేతగాడు తన భుజం మీది తెల్ల తువ్వాలు కొస అందులో ముంచి, పిండి, టార్చి దగ్గర పట్టి చూశాడు.

"నా గుడ్డ మీద ఉన్నింది ఇదే" అన్నాడు మెల్లగా. తర్వాత ఉతుకులక్క వైపు తిరిగి, "నీ చెయ్యి కాదమ్మా. నీళ్లు" అన్నాడు.

ఆమె తన చేతుల వైపు ఒకసారి చూసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను కొళాయి కట్టలేదు. వదిలేసిన నీళ్లు కాలవలో పోతూ పోతూ పలచబడి, కాసేపటికి తేటపడ్డాయి. తేటనీళ్లు ఇంకో గిన్నెడు పట్టి పక్కన పెట్టాను.

మేనేజరు మొదటి గిన్నె వైపు చూశాడు. చెంబు వైపు చూశాడు. ఆ తర్వాత ఆఫీసు గోడ వైపు చూశాడు. గోడకు అవతల బంగారు రంగు అమ్మవారు ఉంది. ఆయన మొహంలో ఏం తిరిగిందో నాకు అర్థమైంది. అర్థం కానట్టే నిలబడ్డాను. అందరూ దణ్ణం పెట్టి, హారతి కళ్లకద్దుకున్న కళ అది. దాన్ని గిన్నెలో చూపించి ఒక మనిషిని అవమానించాలని నాకు లేదు. నాకు కావాల్సింది ఆమె పని ఆమెకు ఉండడం.

ఆయన గోడ మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. "ఏమ్మా" అన్నాడు ఉతుకులక్కతో. ముందురోజు ఏందే అన్న నోరే అది. "రేపట్నుంచి నీ గుడ్డలకు తర్వాత నీళ్లు పట్టుకో. తేటగా వచ్చిందాకా వదిలెయ్యి, ఏం పర్వాలేదు."

క్షమించమని అనలేదు. లెక్క చూసుకుని పొమ్మన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా అనలేదు. మా మేనేజరు నోటి నుంచి అంతకంటే పెద్ద మాట నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వినలేదు కాబట్టి, ఆ మాటే పుచ్చుకున్నాం.

ఆ పొద్దున పెళ్లి జరిగింది. కట్టుకునే ముందు కొత్తబట్టల మూలకు పసుపు పెట్టడం మన ఆనవాయితీ కదా. పెళ్లికూతురి తల్లి గిన్నెలో పసుపు కలుపుకుని వస్తే, నేతగాడు చీర తన చేతిలోకి తీసుకుని, బ్లీచింగ్‌లో మునిగిన ఆ మూలను వెతికి, వేలితో పసుపు అద్ది అక్కడే పెట్టాడు. చుక్క దాని కిందికి వెళ్లిపోయింది. ఏ మూలకు పెట్టారని ఎవరు అడుగుతారు? ఉతుకులక్క హాలు గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. తాళి కట్టేటప్పుడు అక్షింతలు వేయమని నేతగాడే వచ్చి ఆమెను లోపలికి పిలుచుకుపోయాడు. ఆ చేత్తో ఆమె అక్షింతలు వేసింది.

మర్నాటి నుంచి పంచెల మీద మరక లేదు. చెయ్యి మంచిది కాదన్నవాళ్లు, ఎప్పుడూ ఆ మాట అననట్టే, ఆమెకు ఎదురొచ్చి పలకరించారు. మోటారు మనిషికి మాత్రం కొంచెం నష్టమే. ఆదివారం అతను తెచ్చుకున్న పేరు కాస్తా పోయింది.

ఆ పైపు మార్పించమని నేను చాలాసార్లు అడిగాను. ఇప్పుడు, అప్పుడు అంటూ మేనేజరు నెట్టుకొచ్చాడు. ఆయన ఎందుకు నెట్టుకొస్తున్నాడో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. పైపు మారిస్తే అమ్మవారి కళ ఎట్లా పెరుగుతుంది? మొదటి చెంబు ఎప్పటిలాగే అమ్మవారికి, పసుపు వేసి మరీ. నేను రిటైరయ్యేనాటికి ఆ తల్లి కిరీటం దాకా బంగారమే. నిమ్మకాయతో ఒకసారి ప్రయత్నించనా అని మనసులో అనుకున్నాను గానీ, పులుపు తగిలితే పాలరాయి గుంటలు పడుతుంది. మనుషుల మూలంగా దేవుడి ఒంటికి గుంటలు పెట్టే ధైర్యం నాకు లేదు.

నా ఆఖరి రోజున తెల్లవారకముందే షెడ్డుకు వెళ్లాను. వెళ్లాల్సిన పని లేదు, ఉతుకులక్కతో పాటు ఒకసారి నిలబడాలనిపించింది. మేనేజరు వచ్చి, చెంబు నింపుకుని, కళ్లకద్దుకుని వెళ్లాడు. ఆమె కొళాయి తిప్పి నీళ్లు కాలవలోకి వదిలేసింది. కింద నా పింగాణీ గిన్నె. దాన్ని నేను ఇంటికి తీసుకుపోలేదు, ఆమెకే ఇచ్చేశాను.

"అక్కా, ఇన్నేళ్లు అమ్మవారికి ఆ నీళ్లే పోస్తున్నాడు కదా. ఎప్పుడైనా చెబుదామనిపించలేదా నీకు?" అని అడిగాను.

ఆమె గిన్నెలో నీళ్లు చూసింది. ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పారబోసి మళ్లీ పట్టింది.

"అమ్మోరు ఓర్చుకుంటాది లేమ్మా. గుడ్డ ఓర్చుకోదు" అంది.

నీళ్లు తేటపడ్డాయి. ఆమె డ్రమ్మును కొళాయి కిందికి జరిపి, చేతులు రెండూ నీళ్లలో పెట్టింది.